కాలు తగిలితే మొక్కే పిల్ల

క్లాసులో చేరిన మొదటి రోజే ఆ అమ్మాయి నన్ను తన్నింది. తన్నడం నేర్పడమే నా పని కాబట్టి అందులో వింతేమీ లేదు. నేను రెండు చేతులతో ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను. తను కాలెత్తి కొట్టింది, గురి తప్పి ఆ కాలు నా మోచేతికి తగిలింది. వెంటనే వంగి, వేళ్లతో నా మోచేతిని తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత ఏమీ జరగనట్టు లేచి మళ్లీ పిడికిళ్లు బిగించి నిలబడింది.

నాకు నవ్వొచ్చింది. కొత్తగా చేరిన పిల్లలందరూ మొదటి వారం ఇదే పని చేస్తారు. మన ఇళ్లలో కాలు పుస్తకానికి తగిలినా, చేటకు తగిలినా, మనిషికి తగిలినా తాకి మొక్కాల్సిందే. నడక వచ్చిన దగ్గర్నుంచీ నేర్పే మొదటి మర్యాద అది. నేను నేర్పే తైక్వాండో అనే కొరియా వాళ్ల ఆటేమో కాలితో మొదలై కాలితోనే అయిపోతుంది. వారం దాటేసరికి పిల్లలు ఈ రెండింటికీ సంబంధం లేదని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు, మొక్కడం మానేస్తారు. ఈ అమ్మాయి మాత్రం మానలేదు.

ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడాది శంషాబాద్‌లో నేను తైక్వాండో స్కూలు పెట్టాను. స్కూలంటే పెద్ద మాట. ఎరువుల దుకాణం మీద రేకుల హాలు, కింద పరవడానికి నీలం రంగు మ్యాట్లు, గోడకు ఒక అద్దం. యూరియా వాసన మెట్లెక్కి మాతోపాటే క్లాసుకు వచ్చేది. నేను ఉండేది అత్తాపూర్‌లో. రోజూ మధ్యాహ్నం షాద్‌నగర్ బస్సెక్కి శంషాబాద్‌లో దిగేదాన్ని. నాకొచ్చిన కొరియన్ భాష మొత్తం కలిపితే ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఓ డజను ఆజ్ఞలు. "హనా, దుల్, సెత్" అని నేను అరిస్తే పిల్లలు అంకెకో తన్ను తన్నేవాళ్లు. తల మీంచి విమానం పోతుంటే ఎంత అరిచినా వినపడేది కాదు. అందరూ కాలు గాల్లో పెట్టుకుని ఆగేవాళ్లు. అది దాటిపోయాక నాలుగో అంకె దగ్గర మళ్లీ అందుకునేవాళ్లం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. ఆలస్యంగా వస్తే కోపం, బెల్టు వంకరగా కట్టుకుంటే కోపం, ఏడిస్తే ఇంకా కోపం. పిల్లల తల్లులు మెట్ల మీద కూర్చుని "మేడం మల్ల గరమైంది" అనుకోవడం నాకు వినపడుతూనే ఉండేది. అయినా పంపేవాళ్లు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఎక్కడెక్కడి మనుషులో ఊళ్లలోకి వస్తున్నారు, ఆడపిల్లలకు ధైర్యం ఉండాలని వాళ్ల ఆలోచన. ఆ అమ్మాయి తండ్రి కూడా అదే మాట చెప్పి చేర్పించాడు.

వాళ్ల చేను ఎయిర్‌పోర్టుకు పోయి గోడకు అవతల పడింది. మిగిలినవి నాలుగు బర్రెలు. తండ్రి బండికి రెండు క్యాన్లు కట్టుకుని శంషాబాద్ హోటళ్లకు పాలు పోసేవాడు. తల్లి ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోయేది, చీకటితో పోతే చీకటి పడ్డాకే వచ్చేది. పిల్లను పెంచింది నాయినమ్మ. నూనె పెట్టి గట్టిగా అల్లి, రిబ్బన్లతో మడిచి కట్టిన ఆ రెండు జడలు చూస్తేనే పెంపకం ఎలాంటిదో తెలిసిపోయేది. కాలు తగిలితే మొక్కడం కూడా ఆ నాయినమ్మ చేతి పనే.

చేరిన మూడు నెలలకే నాకొకటి అర్థమైంది. ఈ పిల్ల కాలు అందరి కాలు లాంటిది కాదు. పన్నెండేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది, కాలు ఎప్పుడు లేచిందో కనపడదు, తగిలిన చప్పుడే వినపడుతుంది. అంతకుముందు నేను అలాంటి కాలు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఈ పిల్ల రాష్ట్ర పోటీల దాకా పోతుందని నేను లోలోపల రాసేసుకున్నాను. ఆశ పడ్డాను, దాచుకోవడం ఎందుకు.

కానీ జోడీలు కట్టి ఆడించినప్పుడల్లా అదే తంతు. తన్నేది, పాయింటు వచ్చేది, వెంటనే వంగి ఎదుటి పిల్లను తాకి మొక్కేది. ఆ వంగిన క్షణంలో ఎదుటి పిల్ల తంతే నేరుగా తలకే తగిలేది. రోజుకు నాలుగు సార్లు తల మీద తిని, నాలుగు సార్లూ మళ్లీ మొక్కేది.

"నువ్వు మనిషిని తంతలేవు, పాయింటును కొడుతున్నవు, గంతే" అని నచ్చజెప్పాను.

"పాయింటు మనిషి మీదనే ఉన్నది గద మేడం" అంది.

శిక్షగా దండీలు తీయించాను. కిక్కురుమనకుండా తీసింది. అరిచాను. తల వంచుకుని విన్నది. చివరికి ఒక రోజు, "నీ చెయ్యి నీ మాట వినదా?" అని కసురుకున్నాను.

"చెయ్యి దానంతటదే పోతది మేడం, నేను పంపుతలేను" అంది. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పింది.

అప్పుడొక ఒప్పందం చేసుకున్నాం. ఆటలో మొక్కకూడదు, క్లాసు అయిపోయాక అందరికీ ఒకేసారి మొక్కుకోవచ్చు. పిల్లలకు అదొక సరదా అయింది. క్లాసు అవగానే వరుసగా నిలబడేవాళ్లు. "నన్ను మూడు మాట్ల తన్నినవ్, మూడు మాట్ల మొక్కు" అని ఆట పట్టించేవాళ్లు. తను నవ్వకుండా, లెక్క తప్పకుండా మొక్కేది. దాంతో జరిగిందేమిటంటే, ఆటలోనూ మొక్కేది, ఆట అయిపోయాకా మొక్కేది.

మరుసటి ఏడాది జిల్లా పోటీలు అత్తాపూర్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందు రోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది, స్టేజీ మీద బంతిపూల దండలు వాడిపోయి అలాగే వేలాడుతున్నాయి. మా అమ్మాయి రెండు ఆటలు సునాయాసంగా గెలిచి ఫైనల్‌కు వచ్చింది. ఆ రెండింటిలోనూ మొక్కింది. ఆ ఎదుటి పిల్లలు నెమ్మది వాళ్లు కాబట్టి బతికిపోయింది.

ఫైనల్లో ఎదుటి పిల్ల సిటీ పిల్ల, చురుకైనది. కోచ్‌కు మ్యాట్ అంచున ఒక కుర్చీ వేస్తారు. ఆట ఆగేదాకా అందులోంచి లేవకూడదు, మ్యాట్ మీద కాలు పెట్టకూడదు. నేను ఆ కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. మూడో రౌండ్లో మా అమ్మాయే ముందుంది. ఇంకో పావు నిమిషం ఆగితే గెలుపే. అప్పుడు మా అమ్మాయి కాలు లేచింది. ఎదుటి పిల్ల హెల్మెట్ మీద ఠప్పున పడింది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో నాకు మాత్రం తర్వాత ఏం జరగబోతోందో ముందే కనపడింది. "వంగకు" అని గొంతు చించుకున్నాను. తను వంగింది. ఎదుటి పిల్ల కాలు అప్పటికే గాల్లో ఉంది, ఆ పిల్ల తప్పేమీ లేదు. హెల్మెట్ కింద, సరిగ్గా ముక్కు మీద తగిలింది.

రెఫరీ కొరియన్లో పది లెక్కపెట్టాడు. రోజూ నేను పిల్లల ముందు అరిచే అంకెలే అవి. పది దాటినా తను లేవలేదు. పడిపోయి కూడా కుడి చెయ్యి ఎదుటి పిల్ల పాదం వైపు చాచి ఉంది. నేను కుర్చీలోనే ఉన్నాను.

దవాఖానలో అమ్మాయి ముక్కుకు దూది పెట్టించి బయటికొచ్చాక తండ్రి నాతో మాట్లాడాడు. ఆయన ముఖంలో బాధా ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"గంత మందిల సుత మొక్కింది సూడున్రి మేడం. మా అమ్మ పెంపకం" అన్నాడు. ఆయనకు గర్వంగా ఉంది. వెంటనే, "కని మొఖం పలగ్గొట్టుకుంటే ఎట్ల? ఆడపిల్ల. వచ్చే ఏడు ఒక్కసారి సూస్త. మల్ల గిట్లనే అయితే ఇగ బంద్" అన్నాడు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అమ్మాయి మాత్రం దూది పెట్టిన ముక్కుతో నా చెయ్యి పట్టుకుని, "బంద్ చెయ్యనియ్యకు మేడం" అంది. అంతవరకూ నన్ను ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల. ఆ మాటతో నేను పట్టుదలకు పోయాను.

ఆ అలవాటును మాన్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రెండు పిడికిళ్లలో రెండు టెన్నిస్ బంతులు పెట్టి ఆడించాను. మొక్కడానికి చెయ్యి తెరిస్తే బంతి కింద పడుతుంది, పడితే మెట్లు పది సార్లు ఎక్కి దిగాలి. అది చాలక నేనే ఎదురుగా నిలబడ్డాను. ప్యాడ్ లేకుండా, తొడ మీద నేరుగా తన్నించుకున్నాను. ఇరవై, ముప్పై, యాభై. నన్ను తన్నుతున్నంతసేపూ తన కళ్లల్లో నీళ్లు తిరిగేవి. తన్నులు తినేది నేను, ఏడ్చేది తను. "ఏడువు, కని వంగకు" అనేదాన్ని. నా తొడ నల్లగా కమిలిపోయి, బస్సులో కూర్చోలేక నిలబడి అత్తాపూర్ పోయేదాన్ని. నేనేదో త్యాగం చేస్తున్నానని కూడా అనుకునేదాన్ని.

క్లాసయ్యాక వరుసలో మొక్కడం కూడా ఆపించాను. ఒక సాయంత్రం బూట్లు వేసుకుంటూ మెల్లగా అడిగింది. "ఇంటికి పోయినంక మనసుల మొక్కుకోనా మేడం?"

"మనసుల సుత వద్దు" అన్నాను. "అసలు తగిలిందన్న సోయే ఉండొద్దు నీకు."

ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

తర్వాత ఒక రోజు ఆ అలవాటు పోయింది. జోడీ ఆటలో తన్నింది, పాయింటు వచ్చింది, చెయ్యి కదల్లేదు, కళ్లు కూడా కదల్లేదు. వెంటనే రెండో తన్ను తన్నింది. అది పోయిన సంగతి హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రం అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. మేడం ఎందుకు ఇంత ఖుషీగా ఉందోనని తల్లులు గుసగుసలాడుకున్నారు.

మరుసటి ఏడు జిల్లా పోటీలు బాలాపూర్ దగ్గర ఒక స్కూల్లో జరిగాయి. మా అమ్మాయి నాలుగు ఆటలూ గెలిచింది. ఒక పిల్ల కింద పడిపోతే మా అమ్మాయి వెనక్కి రెండడుగులు వేసి, పిడికిళ్లు బిగించి, రెఫరీ ఎప్పుడు మొదలుపెట్టమంటాడా అని చూస్తూ నిలబడింది. నేను నేర్పిందంతా అచ్చంగా అలాగే చేసింది. మెడల్ మెడలో వేసుకుని తండ్రి బండి వెనక కూర్చుని పోయింది. నెల రోజుల్లో రాష్ట్ర పోటీలు. ఆమె పేరు రాసిన ఫారం నా సంచిలో పెట్టుకున్నాను.

వారం తర్వాత తండ్రి క్లాసుకు వచ్చాడు. పాల క్యాన్లు కింద బండి మీదే ఉన్నాయి. చెప్పులు మెట్ల కిందే విడిచి, మ్యాట్ తొక్కకుండా గోడ వెంబడి నడిచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. రెండు రోజులుగా అమ్మాయి క్లాసుకు రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"పిల్ల మంచిగనే ఉన్నది మేడం. మా అమ్మే బువ్వ ముడ్తలేదు" అన్నాడు.

మొన్న పొద్దున నాయినమ్మ తలుపు దగ్గర చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అమ్మాయి బడికి ఆలస్యమై ఉరుకుతూ వచ్చింది. కాలు ముసలామె మోకాలికి గట్టిగానే తగిలింది, చేటలో బియ్యం చెదిరిపోయాయి. అమ్మాయి ఆగలేదు, వెనక్కి తిరగలేదు, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ముసలామె బియ్యం ఎత్తి చేటలో పోసింది. ఆ పూట అన్నం తినలేదు, ఆ తర్వాతా తినలేదు.

ఆయన కోపంగా చెబితే బాగుండేది. కోపానికి నా దగ్గర కోపం ఉంది. ఆయన మామూలుగా, పాలు విరిగిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. చివర అన్నాడు.

"మీరే తీసేసిన్రు గద మేడం. మల్ల మీరే పెట్టున్రి. పెడితే పోటీకి పంపుత."

సరే అన్నాను, ఇంకేమంటాను. మరుసటి రోజు నుంచి అమ్మాయి మళ్లీ వచ్చింది. తిట్లు తిన్న ముఖం. నేను టెన్నిస్ బంతులు బీరువాలో పడేశాను. తన్నమన్నాను, తన్నాక వంగి మొక్కమన్నాను. మొక్కింది. నేను చెప్పినన్ని సార్లు, చెప్పిన వేగంతో, వంగడం, తాకడం, అద్దుకోవడం, నేను మూడు అంకెలు లెక్కపెట్టేలోపు పూర్తయ్యేది. ఏ తన్ను నేర్పినా ఎంత చక్కగా నేర్చుకుంటుందో ఇదీ అంత చక్కగా నేర్చుకుంది. అద్దంలో ఆ మొక్కడం చూసి నాకు భయమేసింది. చెప్పకపోతే చేసేది కాదు. ఒకసారి కావాలనే హాజరు పుస్తకం మ్యాట్ పక్కన కింద పెట్టాను. కాలు తగిలింది, పుస్తకం జరిగింది, తను వెళ్లిపోయింది. కోపంతో పిలవబోయాను. ఏమని తిట్టాలో తెలియక ఆ పుస్తకం నేనే ఎత్తి పక్కన పెట్టాను. పది రోజులు ఇలాగే గడిచాయి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఆదివారం పొద్దున వాళ్లింటికి పోయాను. నాయినమ్మ తలుపు దగ్గరే కూర్చుని ఉంది. అప్పటికి కాస్త తింటోందట. నేను పక్కన కూర్చుని, "తప్పు పిల్లది కాదు పెద్దమ్మా, నాది. నేనే మాన్పిచ్చిన" అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. "తన్నిందని కాదు బిడ్డా. తొవ్వకు అడ్డం కూసున్న, తగుల్తది. గా మోకాలి నొప్పి సాయంత్రానికి పోయింది. దానికి తగిలిన సోయి లేదు. నేను ఆడ లేనట్టే పోయింది. గదే నాకు మింగుడు పడలే."

కొరియా ఆట నియమాలు ఆమెకు చెప్పనా? పిల్ల ముక్కు పగిలిన సంగతి ఆమెకూ తెలుసు. కాసేపు నా వీపు నిమిరింది. తర్వాత కొడుకును పిలిచి, "నాకోసం పిల్లను ఆపకు. పంపు. దాని సంబురం అదే" అంది. కొడుకు సరేనన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. లోపలి గది తలుపు దగ్గర అమ్మాయి నిలబడి అంతా వింటోంది. నేను చూడగానే లోపలికి పోయింది.

మరుసటి రోజు సాయంత్రం అమ్మాయి బడి బట్టల్లోనే హాలుకు వచ్చింది. చేతిలో ఉతికి మడత పెట్టిన తెల్ల డ్రెస్సు, మీద బెల్టు. పిల్లలు వరుసల్లో నిలబడి తన్నులు ప్రాక్టీసు చేస్తున్నారు. తను మ్యాట్ బయటే నిలబడి ఆ బట్టలు నాకిచ్చింది.

"నాయినమ్మ పొమ్మన్నది మేడం. బాపు సుత పొమ్మన్నడు. నేనే రాను" అంది.

"ఎందుకు? అందరు ఒప్పుకున్నరు గద ఇగ. నీకిష్టమే గద?"

"ఇష్టమే."

"మరి?"

తను తన కాళ్ల వైపు చూసుకుంది. "ఆ దినం నాయినమ్మకు తగిలింది నాకు తెల్వనే తెల్వదు మేడం. రాత్రి బాపు చెప్తె తెలిసింది. చేటల బియ్యం పడ్డ సప్పుడు సుత నాకు యాదికి లేదు." తలెత్తి నా వైపు చూసింది. "ఇంక ఎవ్వలెవ్వలకు తగిలిందో మేడం? బడిల, ఆటోల. మీకు తెలుస్తదా?"

రెండేళ్లలో ఆ పిల్లకు కాలు ఎక్కడ పెట్టాలో, ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో రోజుకు వంద సార్లు చెప్పాను. అరిచి చెప్పాను. వెనక వరుసల్లోంచి పిల్లలు నా గొంతు కోసం ఎదురు చూస్తున్నారు.

"నాకు తెల్వదు" అన్నాను. ఆ హాల్లో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.